కంభం చెరువు: చూడవచ్చేవారు, నమ్ముకున్నవారు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

కార్యదర్శి గారు ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి "గ్రామీణ వారసత్వ ప్రదేశాలలో సుస్థిర పర్యాటకాభివృద్ధి" అని పేరు అచ్చు వేయించారు. చదవగానే నాకే భయం వేసింది. ఇంటికి బంధువులు వస్తే సంతోషమే. అయితే వాళ్ళు వెళ్ళాక పిల్లలకు తిండిగింజలు మిగలాలి, బావిలో నీళ్ళు మిగలాలి. ఆ పేరుకు అర్థం అంతే. నేను మాట్లాడబోయేది మన చెరువు గురించి.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబుతాను. సాయంత్రం సర్వసభ్య సమావేశం ఉంది. స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి చెరువు కట్ట దగ్గర స్వాగత తోరణం కట్టాలని, దానిపక్కనే కూర్చోవడానికి ఒక సిమెంటు మండపం వేయాలని కొందరు మిత్రులు ప్రతిపాదన పెట్టారు. వాళ్ళ ప్రేమను నేను శంకించడం లేదు. ఎక్కడో బెంగళూరులో, డల్లాస్‌లో ఉంటూ కంభం చెరువు ఫొటో ఫోనులో పెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. కానీ ఆ డబ్బు తోరణానికి వద్దని నా అభిప్రాయం. ఎందుకు వద్దో, దేనికైతే బాగుంటుందో చెప్పడానికి అరగంట అడిగి తీసుకున్నాను.

ఉద్యోగరీత్యా నేను ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుని. కాలువల వెంట, కట్టల మీద ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాను. ఎన్ని చూసినా, ఏ కట్ట ఎక్కినా ముందు మన కట్టతో పోల్చుకునేవాణ్ణి. ఆ అలవాటు పోలేదు.

మనకు తెలిసిన సంగతులే కొన్ని ఒకసారి వరసలో పెట్టుకుందాం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి బయటపడే చోట రెండు గుట్టలను కలుపుతూ కట్ట వేశారు. జంపలేరు కూడా వచ్చి కలుస్తుంది. నిండితే చెరువు 7 కిలోమీటర్ల పొడవున, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. బ్రిటిష్ వాళ్ళ గెజిటీరులో కట్ట ఎత్తు 57 అడుగులని, నీళ్ళు దిగివచ్చే పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళని, కింద సాగు సుమారు 10,300 ఎకరాలని రాసుకున్నారు. 1520ల తొలినాళ్ళలో కట్టారని వాడుక. కృష్ణదేవరాయలు చేసుకున్న గజపతుల ఆడపడుచు కట్టించిందని చెబుతారు. ఆమెను కొందరు వరదరాజమ్మ అంటారు, కొందరు రుచిదేవి అంటారు. తుక్కాదేవి కథను కూడా కంభానికే ముడివేసి చెప్పేవారున్నారు. భర్త ఆదరణకు దూరమై ఇక్కడ ఉండిపోయిన రాణి ఊరికి నీళ్ళు ఇచ్చి వెళ్ళిందని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. కథ కథే. 57 అడుగుల కట్ట మాత్రం కళ్ళముందుంది.

ఆసియాలో రెండో పెద్ద చెరువు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నేనూ కాలేజీలో చాలామందితో ఈ మాట మీద పందెం కాశాను. ఇప్పుడు మాత్రం ఆ ర్యాంకు మీద నాకు మోజు పోయింది. ఐదు వందల ఏళ్ళ కిందట కట్టిన చెరువు ఇవాళ కూడా తూము తీస్తే పొలానికి నీళ్ళు ఇస్తోంది. దీనికి మించిన ర్యాంకు ఏముంది? ఆ తర్వాత వచ్చిన కోటలు ఎన్నో కూలాయి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్, అదే ఐసీఐడీ, మన చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల పట్టికలో చేర్చింది. అదే ఏడాది మన రాష్ట్రం నుంచే కడప–కర్నూలు కాలువ, పోరుమామిళ్ళ చెరువు కూడా చేరాయి. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. నాకూ సంతోషమే. కానీ ఆ గుర్తింపు దేనికి వచ్చిందో గమనించారా? అందానికి రాలేదు, సూర్యాస్తమయానికి రాలేదు. వందేళ్ళు దాటిన నీటిపారుదల కట్టడాలకు ఇచ్చే గుర్తింపు అది. అంటే మనకు గౌరవం తెచ్చిపెట్టినవాళ్ళు తూము దగ్గర నీళ్ళు వదిలిన నీరటికాళ్ళు, అలుగు దగ్గర రాత్రిళ్ళు కాపలా కాసినవాళ్ళు, కట్టకు గండి పడకుండా మట్టి మోసినవాళ్ళు. వాళ్ళ పిల్లలు మనతోపాటు ఈ బడిలోనే చదువుకున్నారు. ఈ సభలోనూ ఉన్నారు.

ఇంకొక సంగతి. ఆ పట్టికలో పేరు చేరినంత మాత్రాన చట్టం మనకు గొడుగు పట్టదు. చిత్తడి నేలల రక్షణకు కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను ఆ నియమాలలో చిత్తడి నేలల నిర్వచనం నుంచే మినహాయించారు. అంటే సైబీరియా నుంచి పక్షి వచ్చి మన చెరువులో దిగినా, ఆ నియమాల దృష్టిలో ఇది చిత్తడి నేల కాదు. కనుక ఈ చెరువుకు మొదటి కాపలా ఆయకట్టు రైతే. రెండో కాపలా ఊరు. మూడోవాళ్ళం మనం కావచ్చు, కావాలనుకుంటే.

పోరుమామిళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి కాసేపు అక్కడ ఆగుతాను. గిద్దలూరు దాటి దక్షిణంగా వెళితే వస్తుంది, మనకు పొరుగే. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, సంస్కృతంలో చెక్కించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెప్పాడు. నాకు నచ్చింది అది కాదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో వరసగా చెప్పాడు. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి తియ్యని నీళ్ళు తెచ్చే నది, ఆ నదిని ఆనుకున్న కొండ, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో మంచి రాతి గని, పని తెలిసిన మనుషులు... ఇలా. మన చెరువు దగ్గర నిలబడి ఆ జాబితా చదివితే ఒక్కొక్కటి కళ్ళకు కనబడుతుంది. దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత ఇక్కడ చోటు ఎంచినవాడు ఆ శాస్త్రం తెలిసినవాడే అని నాకు అనిపిస్తుంది.

ఇక దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. చెరువు గర్భంలో తాబేటి వీపులా మెరక ఉండడం. భూమి ఎక్కువై నీళ్ళు చాలకపోవడం. నీళ్ళు ఎక్కువై భూమి చాలకపోవడం. మూడో దోషం విని నవ్వుకోకండి. రెండు ప్రభుత్వ శాఖల సరిహద్దులో పడిన చెరువు గతి ఏమిటో ఉద్యోగంలో నేను చూశాను. ఇరిగేషన్ వాళ్ళు కట్ట మాది అంటారు, పర్యాటకం వాళ్ళు గట్టు మాది అంటారు, చేపలు మరో శాఖవి, ఆక్రమణలు రెవెన్యూవి, చెత్త పంచాయతీది. చివరికి చెత్త ఒక్కటే ఎవరిదీ కాకుండా మిగులుతుంది.

మొదటి దోషం దగ్గరకు వద్దాం: కట్ట నుంచి నీరు ఊరడం. తోరణం మీద నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. మట్టికట్ట చూడటానికి గుట్టలా ఉంటుంది కానీ అది గుట్ట కాదు. లోపల తేమ ఒక గీత గీసుకుని నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటుంది. ఆ గీత కట్ట వెనక వాలును తాకకుండా ఉండటమే ఇంజినీరు పని. కట్ట మీద పునాది గుంట తవ్వితే, లైటు స్తంభం పాతితే, మర్రిమొక్క నాటితే, బస్సులు తోలితే, ఆ గీతకు దారి చూపించినట్టే. ఎలుక బొరియను కూడా వదలకుండా పూడ్చమని మాకు పై అధికారులు నేర్పారు. అలాంటిది మనమే అభివృద్ధి పేరుతో పెద్ద బొరియలు తవ్వకూడదు. కట్టవలసినవి, మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే చోటు, టీ కొట్లు, కట్టకు దూరంగా గట్టినేల మీద కట్టాలి. జనం కట్ట మీదికి కాలినడకన రావాలి. పెద్దవాళ్ళకు, నడవలేనివాళ్ళకు ఒక చిన్న బ్యాటరీ బండి ఉంటే చాలు.

పర్యాటకం మనకు కొత్త కాదు, ఆ పేరే కొత్త. కార్తీకమాసంలో వనభోజనాలకు కట్ట కిందికి బండ్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మన బడి నుంచి మాస్టార్లు వరసలో నడిపించి తీసుకువెళ్ళేవారు. దారిలో ఎక్కాలు అప్పజెప్పించేవారు, అది వేరే కథ. మోదుగాకు విస్తళ్ళలో తిన్నాం. తిన్నాక ఆ విస్తళ్ళు పశువులు కొన్ని తినేవి, మిగతావి మట్టిలో కలిసేవి. మరుసటి సోమవారానికి అక్కడ మనుషులు తిన్న ఆనవాలు ఉండేది కాదు. ఇప్పుడు అదే చోట థర్మకోల్ పళ్ళేలు, నీళ్ళ ప్యాకెట్లు, సీసా పెంకులు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులను, పళ్ళేలను దేశమంతా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. నిషేధం ఉంది, పళ్ళేలూ ఉన్నాయి. అలుగు పారినప్పుడు ఇవన్నీ కొట్టుకుపోయి కాలువ తూముల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు చివరి ఆయకట్టు రైతు పలుగు పట్టుకుని వచ్చి తీసుకోవాలి. సరదా ఒకరిది, పలుగు ఇంకొకరిది.

అలుగు పారిందన్న వార్త టీవీలో వస్తే చాలు, గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా కార్లు వస్తాయి. రావాలి. కానీ లెక్క వేసి చూడండి. నలభై మంది ఒక బస్సులో వచ్చారనుకుందాం. పులిహోర పొట్లాలు ఇంటి నుంచి తెచ్చుకున్నారు, నీళ్ళ సీసాలు దారిలో కొన్నారు, ఫొటోలు తీసుకున్నారు, సాయంత్రానికి వెళ్ళిపోయారు. కంభానికి మిగిలింది పొట్లాల కాగితాలు. అదే నలభై మంది ఇక్కడ ఒక పూట భోజనం చేసి, ఊరి కుర్రవాడు చూపిస్తే చెరువు తూములు, అలుగు చూసి, పోతూ పోతూ ఏదో ఒకటి కొనుక్కుపోతే లెక్క మారిపోతుంది. మనుషులు అంతే, బస్సు అదే. కొనడానికి ఏముందంటారా? మనమందరం అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీద. ఆ పలకరాతి మీద చెరువు పటం చెక్కి అమ్మితే నేను మొదట కొంటాను, మా మనవళ్ళకు నాలుగు.

పోచంపల్లి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలను మొదటిసారి ఎంపిక చేసినప్పుడు అందులో మన తెలుగువారి భూదాన్ పోచంపల్లి ఉంది. అక్కడ జనం చూడవచ్చేది ఆడుతున్న మగ్గాన్ని. నూలు కట్టి, రంగులో ముంచి, చిటికి కట్టడం దగ్గర నుంచి చీర దిగేదాకా కళ్ళారా చూస్తారు. చూసినవాడు ఉత్తచేతులతో వెళ్ళడు. మగ్గం ఆగిపోతే పోచంపల్లిలో చూడటానికి ఏమీ ఉండదు. మన చెరువు కూడా అలాంటి మగ్గమే. ఆయకట్టు ఎండిపోయి, నీళ్ళు మాత్రం పడవల కోసం నిలబెట్టిన చెరువును చూడటానికి ఎవరు రావాలి?

ఎదురు ఉదాహరణ కావాలంటే హైదరాబాదు వెళ్ళండి. హుస్సేన్‌సాగర్‌ను 1562లో కట్టారు. ఒకప్పుడు నగరానికి నీళ్ళిచ్చిన చెరువు. ఇవాళ చుట్టూ రోడ్డు ఉంది, పార్కులున్నాయి, పడవలున్నాయి, 1992లో నిలబెట్టిన బుద్ధుడు ఉన్నాడు. నీళ్ళు మాత్రం చేత్తో తాకడానికి ఎవరూ ఇష్టపడరు. చూసేవాళ్ళు పెరిగారు, వాడుకునేవాళ్ళు పోయారు. వాడుకునేవాడు లేని నీటిని కాపాడేవాడు ఉండడు. ఇది నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మిన విషయం.

రాయలవారి రాజధాని హంపిని కూడా తలుచుకోవాలి, మన చెరువు వంశవృక్షం అక్కడిదే కదా. 1986లో అది యునెస్కో పట్టికలోకి ఎక్కింది. విరూపాక్షుడి గుడి ముందు రథవీధి మండపాల్లో ఎన్నో కుటుంబాలు కాపురాలు, కొట్లు పెట్టుకుని యాత్రికుల మీద బతికేవి. 2011లో వాళ్ళను ఖాళీ చేయించి ఇళ్ళు పడగొట్టారు. రాతి మండపాలకు ముప్పు అన్న అధికారుల మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ వీధిలో పుట్టిపెరిగినవాళ్ళకు వారసత్వం అనే మాట అంటే బుల్డోజరు అని అర్థమైపోయింది. తుంగభద్రకు అవతలి ఒడ్డున ఆనెగొంది ఉంది. అక్కడ కిష్కింధ ట్రస్టు 1990ల చివరి నుంచి ఊరివాళ్ళతోనే పని చేస్తోంది. ఆడవాళ్ళు అరటినారతో బుట్టలు, సంచులు అల్లుతారు, పాత ఇళ్ళను బాగుచేసి వచ్చినవాళ్ళకు బస ఇస్తారు. ఒకే నది, ఒకే చరిత్ర, రెండు ఒడ్డులు. మొదటిచోట జనాన్ని తర్వాత అడిగారు. రెండోచోట ముందు అడిగారు.

అంతదూరం ఎందుకు, మన నల్లమలలోనే చూడండి. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబయలు దగ్గర అటవీ శాఖ జీపుల్లో అడవి చూపిస్తుంది. అడవిని పుట్టినప్పటి నుంచి ఎరిగిన చెంచులకు అందులో పని దొరికింది. అదే దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు, పులులు తిరిగే వేళ అని. మొదట్లో అందరూ విసుక్కున్నారు. ఇప్పుడు శ్రీశైలం వెళ్ళే ప్రతి డ్రైవరుకూ ఆ వేళలు కంఠస్థం. హద్దు పెడితే జనం రారని భయపడేవారికి ఇదే నా జవాబు. మల్లన్న దగ్గరికి వచ్చేవాళ్ళేమీ తగ్గలేదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. దీన్ని ఎవరూ బయటికి మాట్లాడరు. పడవలు నడిపేవాడికి నీళ్ళు నిలబడాలి. పొలం ఉన్నవాడికి నీళ్ళు కదలాలి. చెరువు పొంగిన ఏడు ఇద్దరికీ పేచీ ఉండదు. మన సీమలో అలాంటి ఏళ్ళు ఎన్ని? గుండ్లకమ్మ ఏటా పారే నది కాదు. నల్లమలలో వాన పడితే చెరువు, పడకపోతే బీడు. చెరువు అడుగంటి, చేలలో పశువులు తిరిగిన ఏళ్ళు ఇక్కడున్న ప్రతి రైతు బిడ్డకూ గుర్తే. అలాంటి కరువు ఏడు పెట్టుబడి పెట్టిన కంపెనీవాడు ఒప్పందం కాగితం తీసి, ఇంత మట్టానికి కింద నీళ్ళు వదలకూడదని అందులో ఉందంటే? అప్పుడు తూము తాళం ఎవరి చేతిలో ఉంటుంది? తురిమెళ్ళ వైపు రైతు ఒక తడి కోసం ఎవరిని బతిమాలుకోవాలి?

కాబట్టి పడవల కంటే ముందు ఒక కాగితం రాయాలి. మొదటి నీరు తాగడానికి, తర్వాత ఆయకట్టుకు, మిగిలితేనే విహారానికి. రైతులకు సాగునీటి యాజమాన్యంలో భాగం ఇస్తూ 1997లో చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడే నీటి వినియోగదారుల సంఘం సంతకం లేనిదే చెరువు మీద ఏ పర్యాటక ఒప్పందమూ చెల్లకూడదు. చేపలు పట్టి బతికే కుటుంబాల సంతకం కూడా ఉండాలి. మరపడవ తిరిగితే తెగేది వాళ్ళ వలలే. తెడ్డు పడవలైతే ఆ పని వాళ్ళకే ఇవ్వవచ్చు. చెరువు లోతు, సుడి, గాలి వాళ్ళకు తెలిసినంత లైఫ్ జాకెట్ల కంపెనీకి తెలియదు. జాకెట్లు మాత్రం తప్పనిసరి, అందులో రాజీ లేదు.

డబ్బు సంగతి. మన పాత కర్నూలు, కడప సీమల్లో దశబంధం అనే పద్ధతి ఉండేది. మీలో పాత దస్తావేజులు చూసినవారికి ఆ మాట తగిలే ఉంటుంది. కంభం 1970 దాకా కర్నూలు జిల్లాలోదే కదా. చెరువు కట్టించినవారికి, దాన్ని మరమ్మతు చేస్తూ ఉండేవారికి పదో వంతు లెక్కన ఇనాము ఇచ్చేవారు. ఇనాము తింటే మరమ్మతు చేయాలి, చేయకపోతే ఇనాము పోతుంది. ఎంత చక్కటి లెక్క! చెరువు బాగుంటేనే తన వంతు పండుతుంది, కనుక కాపలా పెట్టే పని లేదు. దీన్నే మళ్ళీ తీసుకురండి. వాహనాల రుసుము, పడవ టిక్కెట్టు, టీ కొట్టు వేలం, దేని మీద పది రూపాయలు వచ్చినా అందులో ఒక రూపాయి కట్టకు, తూములకు, పూడికతీతకు పోవాలి. ఖజానాకు పోయి తిరిగి వస్తుందని ఎదురుచూసే రూపాయి వద్దు. ఇక్కడే, ఈ ఊరి పేరుతో ఉన్న ఖాతాలో పడి, నెలనెలా లెక్క కట్ట దగ్గర బోర్డు మీద రాయాలి.

ఇక మన సంఘం ఏం చేయగలదు? చెరువును అభివృద్ధి చేయడం మన తాహతు కాదు. అది ప్రభుత్వం పని. మనం బడివాళ్ళం, బడి పనే చేద్దాం.

మన బడిలో ఒక గది ఖాళీగా ఉంది, పాత సైన్సు ల్యాబు. దానికి పైకప్పు వేయించి "చెరువు గది" చేద్దాం. తోరణానికి అనుకున్న డబ్బులో సగం చాలు. ఆ గదిలో చెరువు నమూనా ఒకటి ఉండాలి. తూములు ఎక్కడ, ఏ కాలువ ఏ ఊరికి పోతుంది, నల్లమలలో పడిన చినుకు మన దగ్గర ఆగి, మార్కాపురం, అద్దంకి సీమలు దాటి సముద్రంలో ఎలా కలుస్తుంది అన్నది పిల్లవాడు వేలితో తాకి తెలుసుకోవాలి. పోరుమామిళ్ళ శాసనం తెలుగు సారాంశం గోడ మీద ఉండాలి. పాత నీరటికాళ్ళు, పాత ఆయకట్టుదార్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఏ తూముకు ఏ పేరు, ఏ ఏడు ఎంత పారింది, కట్ట ఎక్కడ ఎప్పుడు ఊరింది అన్నది వాళ్ళ నోటనే రికార్డు చేయాలి. ఇది మాత్రం వాయిదా వేయదగ్గ పని కాదు. ఎందుకో నేను చెప్పనక్కర్లేదు.

రెండోది, ఒక రిజిస్టరు. ప్రతి సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు మాస్టారు వెంట వెళ్ళి నీటిమట్టం రాసుకురావాలి. ఏ పక్షులు వచ్చాయి, తూము తీశారా, అలుగు పారుతోందా, చెత్త ఎంత అన్నది రాయాలి. ఇందులో ఖర్చు ఒక నోటు పుస్తకం. పదేళ్ళ తర్వాత ఎవరైనా కంపెనీవాడు ఈ చెరువులో ఎప్పుడూ నీళ్ళుంటాయని కాగితం మీద రాస్తే, మన పిల్లలు తమ పుస్తకం తీసి చూపిస్తారు.

మూడోది, చూపించేవాళ్ళు. ఊర్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు పదిమందికి, ఆడపిల్లలు సగం ఉండేలా, మన చరిత్ర మాస్టార్లు, నాలాంటి రిటైరైనవాళ్ళు శిక్షణ ఇద్దాం. వాళ్ళకు మొదటి పాఠం ఇది కావాలి: ఇది రాయి చెప్పింది, ఇది గెజిటీరు చెప్పింది, ఇది మా అవ్వ చెప్పింది అని మూడింటినీ విడదీసి చెప్పడం. అవ్వ చెప్పిందే అందరికీ ఎక్కువ నచ్చుతుంది, సందేహం లేదు. కానీ కలిపేస్తే మూడూ నమ్మకం పోగొట్టుకుంటాయి. వచ్చినవాళ్ళను చెరువుతో ఆపకుండా మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి, పలకల పని జరిగే చోటుకు కూడా పంపాలి. శ్రీశైలం పోయే జనం మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, మన పక్కనుంచే పోతున్నారు. అనంతపురం–గుంటూరు హైవే మన ఊరి మీదుగానే పోతుంది. మనిషిని పిలవడానికి తోరణం అక్కర్లేదు, దారి పక్కన మంచి భోజనం, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు, ముఖ్యంగా ఆడవాళ్ళకు. నవ్వకండి. మన రాష్ట్రంలో సగం పర్యాటకం ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోతోంది.

తోరణం కావాలన్న మిత్రులు విరాళం ఇచ్చినవారి పేర్లు ఎక్కడ వేస్తారని నన్ను పొద్దున అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చెరువు గది గోడ మీద పేర్లు వేద్దాం, ఒక షరతు మీద. దాతల పేర్ల పక్కనే, అదే సైజు అక్షరాలతో, మాట ఇచ్చిన నీరటికాళ్ళ పేర్లు కూడా ఉండాలి.

తీర్మానం కాపీలు భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాను. సాయంత్రం నాలుగింటికి సమావేశం. సంతకం పెట్టేముందు ఒక్కసారి చదవండి, మార్చాలనిపిస్తే పక్కన రాయండి. పాత నీరటికాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాటలు రికార్డు చేయడానికి నాతో వచ్చేవాళ్ళు నలుగురు కావాలి. రేపు ఉదయం ఆరింటికి బడి గేటు దగ్గర ఉంటాను. మొదట వెళ్ళవలసిన పెద్దాయనకు తొంభై దాటాయి. పొద్దున పూట అయితే మాట బాగా వస్తుందని ఆయన కోడలు చెప్పింది. ఫోనులో చార్జింగు నింపుకుని రండి.